కట్టెల కాటా మీద నా బరువు

నిన్న ఆదివారం మధ్యాహ్నం లాలాపేట్‌లో, ఖాదర్ మియా కట్టెల అడితిలో, నేను నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాను. అది నవ్వో ఏడుపో నాకే తెలియలేదు. ఇంటికొచ్చి ఆ గొడవంతా చెబితే మా వారు, "ఇది రాసి పెట్టు సుగుణా, నీలాంటి వాళ్ళు ఇంకా ఎందరో ఉంటారు" అన్నారు. సరేనని కూర్చున్నాను. వణక్కుండా నాలుగు పేజీలు రాయగలనా లేదా అని నా చేతిని నేనే పరీక్ష పెట్టుకున్నట్టు కూడా ఉంటుంది. ఏడాది క్రితం ఈ చెయ్యి టీ గ్లాసు ఒలకకుండా పట్టుకోలేకపోయింది.

ముందే చెబుతున్నాను, నేను డాక్టర్ని కాను. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో టైపిస్టుని. గుంటూరు వైపు మనిషిని. మా వారు ప్రకాశం గారు మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. మా అమ్మాయి రాణికి తొమ్మిదేళ్ళు. తార్నాకలో రెండు గదుల ఇల్లు మాది. ఎవరికైనా రోగం వస్తే చూసి జనం అయ్యో అంటారు. నన్ను చూసి అందరూ శభాష్ అన్నారు. ఆ శభాష్‌లు వింటూ వింటూ నేను చావు దగ్గరి దాకా వెళ్ళొచ్చాను. ఇది రాస్తున్నది అందుకే.

పంతొమ్మిది వందల అరవై ఏడు జూన్‌లో మొదలైంది. అప్పటికి నేను బాగా ఒళ్ళున్న మనిషిని. ఒకరోజు తార్నాకలో బస్సెక్కి ఇద్దరు కూర్చునే సీట్లో కూర్చుంటే, పక్కనున్నావిడ ఇమడలేక లేచి నిలబడింది. కండక్టర్ అది చూసి, "అమ్మా, మీరు రెండు టికెట్లు తీసుకోవాలె" అన్నాడు. బస్సంతా ఘొల్లుమంది. నేనూ పళ్ళికిలించాను, ఏం చేస్తాను? దిగాక మాత్రం ఆఫీసు దాకా తలెత్తలేదు. ఆ సాయంత్రమే ఒట్టు పెట్టుకున్నాను. ఇక బస్సెక్కను, నడిచే వెళ్తాను, సన్నబడ్డాక ఒకే ఒక్కసారి ఎక్కుతాను, ఆ కండక్టర్ చేతే టికెట్ కోయించుకుంటాను అని.

మాకు పాలు పోసే నర్సక్కకి ఈ సంగతి చెప్పాను. నర్సక్కది భువనగిరి దగ్గర పల్లె. ఆమె భర్త రైల్వేలో పనిచేస్తాడు. లాలాపేట్‌లో ఉంటారు, రెండు బర్రెలున్నాయి. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. నాలాగే ఆమెదీ భారీ శరీరం. మోకాళ్ళ నొప్పులకి దవాఖానాకి వెళ్తే బరువు తగ్గించుకో అన్నారట.

"నేను గూడ నీతోని నడుస్త సుగుణా. మోకాళ్లు మంచిగైతే బర్రెల కాడ కూసొని లేస్తందుకు అల్కగుంటది" అంది.

ఇంకేం, జంట కుదిరింది. తెల్లారి వాడిక ఇళ్ళన్నిటికీ పాలు పోశాక నర్సక్క ఖాళీ క్యాన్లు మా ఇంట్లో పెట్టేది. ఇద్దరం క్యాంపస్‌లో ఆ పెద్ద రాతి కాలేజీ మెట్ల దాకా నడిచి తిరిగి వచ్చేవాళ్ళం. నెల తిరక్కుండానే మా వీధి ఆడవాళ్ళు ఇంకో ఇద్దరు మాతో కలిశారు.

మరి తగ్గుతున్నామో లేదో తెలిసేదెలా? బరువు చూసే యంత్రం అంటే రైల్వే స్టేషన్‌కి పోవాలి. "గంత దూరమెందుకు? కట్టెల కాటా ఉన్నది గద" అంది నర్సక్క. మేమంతా వంటచెరకు కొనుక్కునే ఖాదర్ మియా అడితిలో, దూలానికి వేలాడే పెద్ద కాటా ఒకటి ఉంది. రెండు వైపులా గొలుసులు, గొలుసులకి చెక్క పళ్ళేలు. ఒక పళ్ళెంలో కట్టెలు, రెండో దాంట్లో తూకానికి ఇనప గుళ్ళు. ఖాదర్ మియా పెద్దమనిషి. మా కోరిక విని గడ్డం నిమురుకుని, "ఐతవారం నమాజ్ అయినంక రాండ్రి" అన్నాడు. మేం వెళ్ళేసరికి కూలీలందరినీ వెనక్కి పంపేశాడు. తాను గోడ వైపు తిరిగి నిలబడి, గుళ్ళు మీరే వేసుకొమ్మన్నాడు. ప్రతినెలా మొదటి ఆదివారం అంతే. ఏడాదిన్నరలో ఆయన ఒక్కసారి ఇటు తిరిగి చూసింది లేదు.

మొదటిరోజు తూచుకోవడం కంటే ముందు నర్సక్కకి సరదా పుట్టింది. నన్నొక పళ్ళెంలో కూర్చోబెట్టి, తాను రెండో దాంట్లో కూర్చుంది. నా పళ్ళెం దబ్బున నేలకి ఆనింది. నర్సక్క కాళ్ళు జానెడు పైకి లేచాయి. గొలుసులు పట్టుకుని ఒకటే కేక. "అమ్మో, గాల్ల ఉన్న! నా బతుకుల నన్ను లేపినోళ్లు లేరు సుగుణా!" అని. ఆ రోజు నాది డెబ్బై నాలుగు కిలోలు, నర్సక్కది అరవై ఎనిమిది.

తర్వాత నెలకి నెలా నేను తగ్గుతూ వచ్చాను. సెప్టెంబర్‌లో మేమిద్దరం చెరో వైపు కూర్చుంటే కాటా ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడింది. అంటే నాదీ అరవై ఎనిమిదే అన్నమాట. నర్సక్కది అప్పుడూ అరవై ఎనిమిదే. చప్పట్లు కొట్టాం. పాపం, ముందుగా కొట్టింది నర్సక్కే.

అక్కడి నుంచి నాకు పట్టపగ్గాల్లేవు. ఆ రోజుల హుషారు ఎలా చెప్పను? నాలుగింటికే మెలకువ. ఇల్లు కడిగి, బట్టలుతికి, వంట చేసి, నడిచొచ్చి, మళ్ళీ నడిచి ఆఫీసుకెళ్ళేదాన్ని. టైపు మిషన్ మీద నా వేళ్ళు పరుగెడుతుంటే సూపరింటెండెంట్ గారు పనిమాలా వచ్చి నిలబడి చూసేవారు. ఆకలి కూడా అలాగే వేసేది. గోంగూర పచ్చడి కలిపితే కూర జోలికి పోకుండానే గిన్నెడు అన్నం అయిపోయేది. మళ్ళీ పదకొండుకి ఆకలి, నాలుగుకి ఆకలి. అంతా తింటున్నా తగ్గుతున్నానంటే నా నడక మహిమ అనుకున్నాను. మహిమ కాదు, నా పట్టుదల అనుకున్నాను. చర్చిలో స్త్రీల కూటంలో లేచి పది నిమిషాలు ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఒళ్ళు బద్ధకస్తులకే వస్తుందని, మనసు గట్టిదైతే కొవ్వు దానంతటదే పోతుందని. ఆడవాళ్ళంతా నా చుట్టూ ముసిరి, ఏం తింటావు, ఎంతసేపు నడుస్తావు అని అడిగి కాగితాల మీద రాసుకున్నారు. నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

ఒట్టు ప్రకారం బస్సెక్కాను. ఆ కండక్టరే వచ్చాడు. ఛాతీ విరుచుకుని చూశాను. "టికెట్, టికెట్" అని చెయ్యి చాచి, చిల్లర ఇచ్చి వెళ్ళిపోయాడు. నన్ను గుర్తు పట్టలేదు. దానికి కూడా పొంగిపోయాను.

క్రిస్మస్ నాటికి జాకెట్లు మూడోసారి కుట్లు వేయించాను. ఊరంతా శాలువాలు కప్పుకుంటుంటే నేను చెమటతో తడిసి ఫ్యాను కింద కూర్చునేదాన్ని. మా వారు స్వెట్టర్ తొడుక్కుని, దుప్పటి కప్పుకుని, "నీకు మే నెల వచ్చిందా ఏంటి?" అనేవారు. నిద్ర పట్టేది కాదు. ఊరికే కోపం వచ్చేది. రిబ్బన్ పోగొట్టుకుందని రాణిని చెంప మీద కొట్టాను. అంతకు ముందు పిల్ల మీద ఎప్పుడూ చెయ్యి ఎత్తలేదు. అది ఏడవలేదు కూడా, నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదలదు. పండగనాడు తీయించుకున్న ఫోటో చూసి మా వారు, "ఎవరో తరుముకొస్తున్నట్టు చూస్తున్నావే?" అన్నారు. కళ్ళు పెద్దవైతే అందమే కదా అని నేను ఫ్రేమ్ కట్టించాను.

అరవై ఎనిమిది ఫిబ్రవరిలో కాటా మీద నాది యాభై ఐదు. నర్సక్కది అరవై ఎనిమిది. మిగతా ఇద్దరూ వెళ్ళేదాకా ఆగి, నర్సక్క నా చెయ్యి పట్టుకుంది.

"సుగుణా, కోపం జెయ్యకు. మొన్నటేడు మా బర్రె ఒకటి గిట్లనే పొద్దంత మేసేది. మేసినా గాని బొక్కలు తేలినయ్. తింటున్నది గద, ఏమైతదిలే అని నేను ఊకున్న. డాక్టర్ను తెచ్చెటాల్లకు చేతులకెల్లి పోయింది. నువ్వు గూడ తింటున్నవ్, ఎండుతున్నవ్. నీ చెయ్యి సూడు, ఎట్ల వణుకుతున్నదో. ఒకపారి దవాఖానల సూపెట్టుకో."

నాకు ఒళ్ళు మండింది. అసూయ, అచ్చంగా అసూయ అనుకున్నాను.

"నన్ను బర్రెతో పోలుస్తావా అక్కా? నాతో సమానంగా నడిచావు. ఎనిమిది నెలల్లో అరకిలో తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో నాకు తెలియదా? మాకు పోసే పాల మీద మీగడంతా ఎవరి నోట్లోకి పోతోందో తెలియదా?"

అనేశాను. నోరు జారాక తెలిసింది ఎంత మాట అన్నానో. నర్సక్క నా చెయ్యి వదిలేసింది.

"ఆర్నెల్ల సంది పొద్దుమీకి ఒక్కటే రొట్టె తింటున్న సుగుణా" అంది మెల్లగా. కట్టెల తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి పాలు ఆమె భర్త తెచ్చి పోశాడు. నేను ఒక్కదాన్నే నడిచాను. క్షమాపణ చెప్పాలని రోజూ అనుకునేదాన్ని, రోజూ ఏదో ఒక కోపం తెచ్చుకుని మానేసేదాన్ని.

ఏప్రిల్‌లో, పరీక్షల పని ముంచుకొచ్చిన వేళ, నా టైపులో తప్పులు మొదలయ్యాయి. ఒక అక్షరం కొడితే పక్కది పడేది. ఒకరోజు కాగితాల కట్ట పట్టుకుని మేడ మెట్లెక్కుతుంటే గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంది. ఎన్ని దెబ్బలో లెక్కపెట్టలేనంత వేగం. కట్ట జారిపోయింది. నేను మెట్ల మీద కూలబడ్డాను. నాలుగైదు మెట్ల కింద నా చెప్పు ఒకటి బోర్లా పడి ఉండటం మాత్రం గుర్తుంది.

ఆసుపత్రిలో మొదట అందరూ అనుకున్నది క్షయ. అంత చిక్కిపోయిన మనిషికి ఇంకేం అనుకుంటారు? ఎక్స్‌రే తీసి, మూడు రోజుల తర్వాత రమ్మన్నారు. ఆ మూడు రోజులు మా ఇంట్లో ఎవరూ మామూలుగా మాట్లాడలేదు. మా ఆడపడుచు వచ్చి రాణిని తీసుకెళ్ళింది. నా కంచం, గ్లాసు వేరుగా పెట్టమని అన్నయ్యకి చెప్పి మరీ వెళ్ళింది. ఆమె గేటు దాటగానే మా వారు వచ్చి, నేను సగం తాగి వదిలేసిన మజ్జిగ గ్లాసు తీసుకుని, నా ఎదుటే నిలబడి గడగడా తాగేశారు. గ్లాసు బోర్లించి, ఏమీ జరగనట్టు లెక్కల పుస్తకాలు దిద్దుకోవడానికి కూర్చున్నారు. పదకొండేళ్ళ కాపురంలో ఆయన నాకు ప్రేమగా చెప్పిన మాటలు తక్కువ. ఆ మజ్జిగ గ్లాసుతో అన్నీ చెప్పేశారు.

మూడో రోజు మళ్ళీ ఆసుపత్రి బల్ల మీద నిరీక్షణ. చెమటలు కారిపోతున్నాయి, కూర్చోలేను, నిలబడలేను. పక్కన మల్కాజ్‌గిరి నుంచి వచ్చిన ముసలామె ఒకతె, తన కొడుకు ఎక్స్‌రే కవరుతో నాకు విసరడం మొదలుపెట్టింది. నేను వద్దంటే, "ఊకో బిడ్డా, నాకు గీడ ఇంకేం పనున్నది?" అంది. నా పేరు పిలిచే దాకా, గంటకు పైగా, చేతులు మార్చుకుంటూ విసురుతూనే ఉంది. ఆమె పేరు అడగాలన్న బుద్ధి కూడా నాకు పుట్టలేదు.

క్షయ కాదన్నారు. పెద్ద డాక్టర్ గారు నన్ను రెండు చేతులూ చాచమని, వేళ్ళ మీద పల్చటి కాగితం ఒకటి పరిచారు. కాగితం గాలికి కొట్టుకున్నట్టు వణికింది. ఆకలెలా ఉంది, చెమటలెలా ఉన్నాయి అని రెండు ప్రశ్నలు వేశారు. గొంతు తడిమి చూశారు. చీటీ రాసి, శ్వాస పరీక్ష చేయించుకు రమ్మన్నారు. ఎక్కడో తెలుసా? తార్నాకలోనే, తిండి మీద పరిశోధన చేసే ప్రయోగశాలలో. మా ఇంటికి పది నిమిషాలు. ఏడాదిగా రోజూ ఆ గోడ పక్క నుంచే గర్వంగా నడిచి వెళ్ళాను.

మే నెల మొదటి వారం. ఖాళీ కడుపుతో రావాలి, నడవకూడదు, రిక్షాలోనే రావాలి అన్నారు. ముక్కుకి క్లిప్పు పెట్టి, నోట్లో రబ్బరు గొట్టం పెట్టి, కదలకుండా పడుకోమన్నారు. మామూలు మనిషికి అదో పరీక్షా? నాకు మాత్రం కదలకుండా ఉండటమే నరకం. అక్కడున్న డాక్టరమ్మ చిన్న వయసు మనిషే, నా అరికాళ్ళ మీద చల్లటి గుడ్డ వేసి, "ఇంక కొంచెం, ఇంక కొంచెం" అంటూ నిలబడింది. నేను పీల్చిన గాలికి వచ్చిన అంకె మరీ ఎక్కువగా ఉంటే, యంత్రంలో ఎక్కడో గాలి పోతోందనుకున్నారు. మర్నాడు మళ్ళీ రమ్మన్నారు. మర్నాడూ అదే అంకె.

అప్పుడు ఆ డాక్టరమ్మ నా పక్కన స్టూల్ వేసుకుని చెప్పిన మాటలు, దేవుడి సాక్షిగా, నా భయాన్ని సగం తీసేశాయి. అంత ఉత్సాహం వచ్చింది వింటుంటే.

"మనం తిన్నదాంట్లో ఎక్కువ భాగం ఎక్కడ ఖర్చవుతుందనుకుంటున్నారు?" అని అడిగింది.

"నడకలో, పనిలో."

"కాదమ్మా. ఊరికే బతికి ఉండటంలో. గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, ఒళ్ళు వెచ్చగా ఉండాలి. మీరు పడుకున్నా ఆ పొయ్యి ఆరదు. మంట ఎంత ఉండాలో చెప్పేది గొంతు కింద ఉండే థైరాయిడ్ అనే చిన్న గ్రంథి. మీకది మంటను మరీ పెంచేసింది. మీరు పడుకుని ఉండగానే మీ ఒళ్ళు, తీరిగ్గా నడుస్తున్న మనిషంత ఖర్చు పెడుతోంది. పగలూ రాత్రీ."

"అయితే నేను తగ్గింది నడక వల్ల కాదా?"

ఆమె నవ్వింది. "నడక మంచిదే, మానకండి, నయమయ్యాక. కానీ మీరు నడిచిన నడకకి రెండు రొట్టెలంత ఖర్చవుతుందేమో. అంతే."

స్త్రీల కూటంలో నా ఉపన్యాసం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చాను. రెండు రొట్టెలా? ఆ కాగితాలు రాసుకున్న వాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి చింపేయాలనిపించింది.

"మరో సంగతి. మీరు పోగొట్టుకున్నది కొవ్వొక్కటే కాదు, కండ కూడా. గుండె కూడా కండే కదమ్మా. ఇంకో ఏడాది ఇలాగే పోతే అది ఆగిపోయేది."

అప్పుడు అడిగాను నర్సక్క గురించి. నాతో అడుగులో అడుగు వేసి నడిచింది, తిండి సగానికి తగ్గించానంది, అరకిలో తగ్గలేదు. అదెలా సాధ్యం?

"ఎందుకు కాదు? తిండి తగ్గితే ఒళ్ళు భయపడి ఖర్చు తగ్గించుకుంటుంది. కొందరి ఒళ్ళు మరీ జాగ్రత్త. ఆవిడ మీకు నిజమే చెప్పి ఉంటుంది."

రిక్షా అతన్ని ఇంటికి కాదు, లాలాపేట్‌కి పోనివ్వమన్నాను. పక్కన కూర్చున్న మా వారు రిక్షాలోనే ఆగారు. నర్సక్క బర్రె దగ్గర గొంతుకూర్చుని పాలు పితుకుతోంది. నన్ను చూసింది. నా చేతులు చూసింది. పితకడం ఆపలేదు. నేను నిలబడే అంతా చెప్పాను. బర్రె సంగతి నువ్వు చెప్పిందే నిజమక్కా, నాది రోగమే అన్నాను. నువ్వు తినలేదు, నాకిప్పుడు తెలిసింది, నన్ను క్షమించు అన్నాను.

"బర్రె మాటకు నీకు కోపమొచ్చింది. ఒచ్చిన్నాడు ఒచ్చింది, పోయిన్నాడు పోయింది" అంది ఆమె, బర్రె వైపే చూస్తూ. "నన్ను దొంగన్నవ్ సూడు సుగుణా, గది మరువ. జల్ది మరువ."

నర్సక్క పాలచెంబు నింపి, లేవబోయి, మోకాలు పట్టేసి మళ్ళీ కూర్చుంది. నేను చెయ్యి అందించాను. నా వణుకుతున్న చేతిని పట్టుకుని లేచింది. "మందు దొరికిందా దీనికి?" అని అడిగింది. దొరికిందన్నాను. మర్నాడు తెల్లారి పాల క్యాను చప్పుడుకి తలుపు తీస్తే నర్సక్కే.

మాత్రలు మొదలయ్యాయి. ఏడాదికి తగ్గకుండా, ఒక్క పూటా మానకుండా వేసుకోవాలన్నారు. జూన్ చివరికి గుండె నెమ్మదించింది. ఒక రోజు పడుకుని లేచేసరికి తెల్లవారి ఉంది. ఎన్నాళ్ళకో అంత నిద్ర! అప్పటిదాకా మా ఆడపడుచు దగ్గరే ఉన్న రాణి ఇంటికొచ్చింది. తొలిరోజు నా దగ్గరికి రావడానికి జంకింది. నేను జడ వేసి రిబ్బన్ కట్టి, చేతులు చూపించి, "చూడు, వణకడం లేదు" అన్నాను. అప్పుడొచ్చి ఒళ్ళో కూర్చుంది.

ఇక్కడితో అయిపోవాలి కదా కథ. కాలేదు. ఇప్పుడు రాయబోయేది ఈ జబ్బున్న ఆడవాళ్ళు ముఖ్యంగా చదవాలి.

బరువు తిరిగి రావడం మొదలైంది. ఏప్రిల్‌లో యాభై రెండుకి పడిపోయినదాన్ని, ఆగస్టు మొదటి ఆదివారానికి అరవై రెండు. నర్సక్క సంబరానికి అంతు లేదు. నాకు మాత్రం గుండెలో రాయి పడింది. జాకెట్లు పట్టడం లేదు. ఆఫీసులో ఒకావిడ, "ఏంటండీ, మళ్ళీ మామూలైపోతున్నారు?" అంది. ఆ మామూలు అనే మాట నన్ను కొరికేసింది. అంత తెలుసుకుని, అంత విని, ఏం చేశానో తెలుసా? మాత్రలు ఒక పూట మానేశాను. తర్వాత రెండు పూటలు. మా వారు చూస్తుండగా నోట్లో వేసుకుని, పెరట్లోకెళ్ళి తీసి పౌడరు డబ్బాలో దాచేదాన్ని. అనుమానం రాకుండా మాత్రల సీసా మాత్రం ఎప్పుడూ చేతిసంచిలోనే తిప్పేదాన్ని. చావు తప్పించుకుని వచ్చి నాలుగు నెలలు కాలేదు. సన్నగా ఉన్నావన్న మాట కోసం మళ్ళీ అటే బయలుదేరాను.

సెప్టెంబర్ మొదటి ఆదివారం కాటా మీద యాభై తొమ్మిది. నాకు లోపల్లోపల ఆనందం. నర్సక్క గుళ్ళు రెండోసారి లెక్కపెట్టింది. గొలుసు పట్టుకున్న నా వేళ్ళు చూసింది.

"మాత్రలు మింగుతున్నవా?"

నేను చేతిసంచి ఒళ్ళోకి లాక్కున్నాను.

ఆమె ఇనప గుళ్ళన్నీ ఒక్కొక్కటే తీసి కింద పెట్టింది. ఆ ఖాళీ పళ్ళెంలో తాను కూర్చుంది. నేను గాల్లోకి లేచాను. కాళ్ళు వేలాడుతున్నాయి.

"నువ్వు కిందికొచ్చేదాక నేను ఈడికెల్లి లేవ" అంది.

"అక్కా, బాగుండదు, దింపు."

"దింప."

వాకిట్లో గిరాకీ వచ్చిన బండి ఆగింది. ఖాదర్ మియా గోడ వైపు తిరిగే, "నర్సమ్మా, గిరాకీ వచ్చిండ్రు" అన్నాడు.

"రానీ మియా. జర ఆగమను. గీడ మనిషి పానం తూస్తున్న."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "లావైపోతున్నానక్కా! మళ్ళీ అందరూ నవ్వుతారు."

"లావైతే ఏమైతది? నేను లావు లేనా? బతుకుత లేనా? నీ బిడ్డకు సన్నటి ఫోటో కావాల్నా, అమ్మ కావాల్నా? చెప్పు!"

అంత గట్టిగా నర్సక్క అరవడం నేనెప్పుడూ వినలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు. బర్రె పోయినప్పుడు ఊరుకున్నానన్న బాధ ఆమెను ఎంత తింటోందో అప్పుడు అర్థమైంది. సంచిలో సీసా తీశాను. ఇటు తిరక్కుండానే, చెయ్యి ఒక్కటే వెనక్కి చాచి, ఖాదర్ మియా నీళ్ళ గ్లాసు అందించాడు. గాల్లో వేలాడుతూనే మాత్ర మింగాను. నోరు తెరిచి నర్సక్కకి చూపించాను. ఆ సాయంత్రం పౌడరు డబ్బా తెచ్చి మా వారి ముందు కుమ్మరించాను. ఆయన మాత్రలన్నీ ఏరి, ఎన్ని పూటలు మానేశానో లెక్కపెట్టారు. ఆ రోజు నుంచి మాత్ర నా అరచేతిలో ఆయనే పెడుతున్నారు.

నడక మళ్ళీ మొదలుపెట్టాం, నేనూ నర్సక్కా ఇద్దరమే. ఇప్పుడు మధ్యలో మెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం. ఆమె బరువు తగ్గలేదు కానీ మోకాళ్ళు మాత్రం బాగా కుదుటపడ్డాయి, చెయ్యి ఊతం లేకుండానే లేస్తోంది. అక్టోబర్‌లో స్త్రీల కూటంలో నిలబడి, క్రితంసారి నేను చెప్పిందంతా తప్పని చెప్పాను. ఆ ఉపన్యాసం ఎవరూ రాసుకోలేదు. ఉన్నట్టుండి తగ్గుతూ, తెగ తింటూ, గుండె దడగా ఉంటే సంతోషించకుండా డాక్టర్‌కి చూపించుకోండి అన్నాను. ఇక్కడా అదే రాస్తున్నాను.

నిన్న, క్రిస్మస్ వెళ్ళిన ఆదివారం. మొన్ననే ఆసుపత్రిలో గుండె చక్కగా ఉందన్నారు. నెల మొదటి వారం దాకా ఆగలేక నర్సక్కని వెంటబెట్టుకుని అడితికి వెళ్ళాను. ఈ నెల మొదటి ఆదివారం నాది అరవై ఆరు. ఈసారి గుళ్ళ జోలికే పోలేదు. చెరో పళ్ళెంలో కూర్చున్నాం. కాటా కాసేపు ఎటూ తేల్చుకోలేదు. కిర్రుమంది. నా పళ్ళెం మెల్లగా, చాలా మెల్లగా, కిందికి దిగడం మొదలుపెట్టింది. మునుపైతే ఆ దిగడం చూసి సిగ్గుతో కుంగిపోయేదాన్ని. నిన్న ఊపిరి బిగబట్టి, ఇంకా, ఇంకా అనుకున్నాను. నా పాదాలు నేలకి తగిలాయి.

ఎదురుగా నర్సక్క చెప్పులు కట్టెపేళ్ళ మీది నుంచి లేచాయి. ఆమె కిందికి చూసుకుంది. మొహం వెలిగిపోయింది.

"లేచిన సుగుణా! ఓ మియా, లేచిన! ఏడాదిన్నర నడిస్తి, అరకిలో తగ్గకుండనే లేచిన!"

గోడ వైపు తిరిగి ఉన్న ఖాదర్ మియా భుజాలు నవ్వుతో కదిలిపోతున్నాయి. నర్సక్క గొలుసులు పట్టుకుని చిన్నపిల్లలా కాళ్ళు ఊపుతోంది. ఆమెను దించబుద్ధి కాక నేను చాలాసేపు లేవలేదు.